కెమెరాకు కనబడని లెన్స్

పోయినేడు బోధన్ చర్చిలో మా చిన్నమ్మ కూతురి పెళ్లి. ఫోటోలు తీసే పని నాది. మా బాపు నిజామాబాద్‌లో స్టుడియో నడిపిన రోజుల నాటి లెన్స్‌ను, రెంటినీ కలిపే అడాప్టర్ కొని నా కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించాను. ముందుగా ఒక్క ఫోటో అయినా తీసి చూసుకోలేదు.

పెళ్లికొడుకు ఉంగరం తొడుగుతుండగా బటన్ నొక్కాను. ఫోటో పడలేదు. తెర మీద ‘లెన్స్ లేదు’ అని వచ్చింది. మళ్లీ నొక్కినా అదే మాట. ఈలోగా ఉంగరం తొడిగేశాడు!

పక్కనున్న బాపు తెర చూశాడు. “నలభై ఏండ్లు మనకు అన్నం వెట్టిన లెన్స్‌రా! దాన్నే లేదంటదా గీ కెమెరా?” మెల్లగానే అన్నాననుకున్నాడు గానీ చర్చంతా వినబడింది.

పాత లెన్స్ కదా, తాను ఉన్నానని కెమెరాకు చెప్పే ఎలక్ట్రానిక్ ఏర్పాటేదీ దానికి లేదని అప్పుడు వెలిగింది. మెనూ అంతా వెతికి, లెన్స్ లేకపోయినా ఫోటో తీసే సెట్టింగ్ పెట్టాను. పాస్టరుగారు నవ్వి, ఉంగరం తీసి మళ్లీ తొడగమన్నారు. అది చెల్లె వేలి నుంచి ఊడితేగా! ఇద్దరూ లాగుతూ పడిపడి నవ్వుతుంటే, బాపు చెయ్యి చాపి లెన్స్ తిప్పి ఫోకస్ పెట్టాడు. నేను నొక్కాను. వాళ్లింటి గోడ మీద ఇప్పుడున్నది ఆ ఫోటోనే.

నాకు ఆ రోజే బుద్ధి వచ్చింది. బాపుకే ఇంకా కోపం తగ్గలేదు. నేను కెమెరా సంచి సర్దినప్పుడల్లా అడుగుతాడు: “ఏంరా, ఇయ్యాలనన్న కనవడ్డదా దానికి మన లెన్స్?”