నత్త నరమూ, బూడిద తేటా

కొండ మీద పిల్లలకు పరిశోధనలెందుకు, ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటే పోలా అని నాతో అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లతో వాదించడం ఎప్పుడో మానేశాను. మా అరకు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కృపావతి సంగతి చెప్పి ఊరుకుంటాను.

ఆమెది ముంచింగిపుట్టు అవతల కొండవాలు మీద ఊరు. ఆశ్రమ పాఠశాలలో మొదలుపెట్టి పీజీ దాకా గట్టెక్కి, తొంభై ఎనిమిదిలో విశాఖలో పరిశోధనకు చేరింది. అక్కడ ఆమె గైడు అనురాధ మేడం ఆమెకు సముద్రపు నత్తలను అప్పగించింది. మన పొలాల నత్తలకున్నట్టు వీటి వీపున గుల్ల ఉండదు. నరాల కణాలు మాత్రం మహా పెద్దవి. సన్నటి గాజు మొన కణంలో గుచ్చితే అందులో పుట్టే కరెంటు తెర మీద గీతగా లేస్తుంది, పక్కనున్న స్పీకరు టక్కు టక్కుమంటుంది.

అందరి బల్లల మీదా టక్కుమనేది. ఆమె బల్ల మీద మాత్రం గీత ఒకసారి వణికి పడుకునేది. కొత్త నత్తలు తెచ్చుకుంది, కొత్త మొనలు చేసుకుంది. అయినా అదే వరస. "నీ సెయ్యి సోకితే సాలు, పాపం సచ్చూరుకుంటన్నాయి" అని వరహాలరావనే సీనియరు వేళాకోళమాడితే అందరూ నవ్వారు. చాలా ఏళ్ల తర్వాత కృపావతి నోట అది విన్నప్పుడు వాడి చెంప వాయించాలనిపించింది నాకు. కృపావతికి మాత్రం భయమేసిందట, నిజంగా తన చేతిలోనే ఏదో ఉందేమోనని.

చివరికి మేడం పిలిచి, "దసరాలోగా ఒక్క మంచి రికార్డు చూపించు కృపా. లేకపోతే ఈ సీటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది" అంది.

వానలు పడ్డాక కృపావతి ఇంటికి వెళ్లింది. తల్లి రాజులమ్మ పెరట్లో పసుపు మొక్కల మొదట్లో పొయ్యి బూడిద చల్లుతోంది.

"ఏటే గుంటా, అలగ సిక్కిపోనావు?"

"ఏటీ లేదు గానీ, బూడిదెందుకమ్మా?"

"ఎవసాయం బాబు సెప్పినాడు. బూడిదలో పొటాసుంటాదంట. కొని ఎయ్యక్కర్లేదంట."

కృపావతికి ల్యాబులో తన గిన్నెలు గుర్తొచ్చాయి.

ల్యాబులో గాజు గిన్నెలు ఆమె శుభ్రం చేసేది బూడిద తేటతోనే. సబ్బు పొడి కణాలకు విషమని విని, ఇంట్లో తల్లి చేసినట్టే, ఊరి నుంచి తెచ్చుకున్న బూడిద నానబెట్టి, పైన తేరిన నీళ్లలో గిన్నెలు ముంచి తోమి, అలాగే ఆరబెట్టేది. ఆ తర్వాత మంచినీళ్లతో కడగడం వాళ్లింట్లో లేదు. కింద పారే గెడ్డ నుంచి బిందె మోసుకొచ్చేవాళ్లు శుభ్రమైన గిన్నె మీద ఇంకో చెంబు ఒలకబోయరు. అలా ఆరిన గిన్నెకు తల్లి చెప్పిన ఆ పొటాసే, అంటే పొటాషియం, కంటికి కనబడకుండా అంటుకునే ఉండేది.

కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట తక్కువ. ఒకసారి టక్కుమన్నాక కణం గోడలోని సన్నటి దారుల గుండా అది బయటికి పోవాలి. అప్పుడే కణం తేరుకుని మళ్లీ టక్కుమంటుంది. బయటే పొటాషియం కిక్కిరిసి ఉంటే ఇక పోయేదెక్కడికి? సంత బయట దారి నిండా జనముంటే లోపలివాళ్లు కదల్లేరు కదా. ఇదంతా ఆమె పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. అది ఇంట్లో పొయ్యి దాకా వస్తుందని తట్టలేదు, అంతే.

గుట్టుగా గిన్నెలు కడుక్కుని పని కానిస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె బూడిద మూట కట్టుకుని మర్నాడే బస్సెక్కింది. మేడంనీ వరహాలరావునీ పక్కన నిలబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగిన గిన్నెలో నత్త నరాలు పెట్టి మొన గుచ్చింది. టక్కు, టక్కు, టక్కు. అప్పుడు కాస్త బూడిద తేట కలిపింది. స్పీకరు నోరు మూసుకుంది. ఆ నీరు తీసేసి కొత్త సముద్రపు నీరు పోసి, పళ్లు బిగపట్టి కూర్చుంది. చాలాసేపటికి ఒక టక్కు. ఆ వెనకే ఇంకోటి.

"గిన్నె సరిగా కడగకపోవడం నా తప్పండి మేడం. నా చేతిలో మాత్రం ఏమీ లేదు" అంది.

"బూడిదతో సహా అంతా రాయి. సీటు నీదే" అంది మేడం.

పట్టా వచ్చాక ఇంటికి వెళ్లినప్పుడు వరహాలరావు అన్న మాట తల్లికి చెప్పింది. అన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. రాజులమ్మ కూతురి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"నాను అడివికెల్తే నీ తమ్ముల్లు ముగ్గురూ ఈ సేతి బువ్వే తిని పెరిగినారే. ఒక్కడూ సావనేదు."