పది వేలు దాటకూడని కారు

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో ఒక రథం ఉంది, రెండు జిల్లాలున్నాయి, మధ్యలో గోదావరి ఉంది, తుఫాను గాలి ఉంది, వంశం పరువు ఉంది. చదివిన వారికి ఒళ్ళు గగుర్పొడవాలి.

తీరా రాయబోతే అంత లేదు. భీమవరం నుంచి తునికి ఒక పాత కారు తీసుకెళ్ళాను, అంతే. పొద్దున్నే బస్సెక్కినవాడు మధ్యాహ్నం భోజనం వేళకి తునిలో ఉంటాడు. నాకు వారం పట్టింది. తుఫాను గాలి కూడా తుఫానుది కాదు, మామూలు గాలే, నా ప్రాణానికి అలా తోచింది. వంశం పరువు మాత్రం నిజం. అది పోయింది.

కారు మా పెదనాన్నది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ఎర్ర రంగు. మొగల్తూరు వైపు జమీందారు గారొకాయన ఓడ మీద ఇంగ్లండు సీమ నుంచి తెప్పించుకున్నారు. ఆయన తాటిచెట్టంత మనిషి. నాలుగేళ్ళు నడిపేసరికి మోకాళ్ళు వాచి, మా పెదనాన్నకి అమ్మేశారు. పెదనాన్న మోకాళ్ళు సరిపోయాయి గానీ మా రోడ్లు సరిపోలేదు. ఆ కారు నేలకి జానెడెత్తున ఉండేది. మా రోడ్డు గుంటలు అంతకంటే లోతు. రెండుసార్లు అడుగు గీసుకుపోయాక, దాన్ని బజారు వైపున్న షెడ్డులో పెట్టి తాళం వేశారు. అలా ఇరవై ఏళ్ళ బండి పది వేల మైళ్ళైనా తిరక్కుండా కన్యగానే ఉండిపోయింది.

నాకు కావలసింది కారు కాదు, షెడ్డు. అందులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే షాపు పెట్టుకోవాలని నా కోరిక. పెదనాన్న ఒక షరతు పెట్టారు.

"కారు నువ్వే మంచి ధరకి అమ్మిపెట్టు, షెడ్డు తాళం నీ చేతిలో పెడతాను. అమ్మలేకపోయావో, నోరు మూసుకుని మీ నాన్న ఎరువుల కొట్లో కూర్చో."

ఎరువుల కొట్టంటే మీకు తెలీదేమో. అందులో ఒక పూట కూర్చున్నవాడికి బస్సులో రెండు సీట్లు దొరుకుతాయి. తనదొకటి, పక్కవాడు లేచిపోయినది ఒకటి. అక్కడ జీవితాంతం కూర్చోవాలన్న ఊహకే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

కాబట్టి చదివాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు మోటారు పత్రికలన్నీ చదివాను. వాటి సారాంశం ఒకటే. పాత స్పోర్ట్స్ కారు ప్రాణమంతా మీటరులో ఉంటుంది. ఎంత తక్కువ తిరిగితే అంత విలువ. ఇక అంకెల్లో ఒక గడి పెరిగిందా, ధర ధడాలున పడిపోతుంది. నేను పరుగెత్తుకెళ్ళి మీటరు చూశాను. తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఏడు. ఇంకో నలభై రెండు మైళ్ళు తిరిగితే, ఆపైన అడుగు వేసినా పది వేలు!

సరిగ్గా అప్పుడే తుని నుంచి బెల్లం వ్యాపారం చేసే గున్నేశ్వరరావు గారని ఒకాయన, కారు సంగతి విని మా పోస్టాఫీసుకి ట్రంకాల్ చేశారు.

"బండి ఎంత తిరిగిందండీ?" అన్నారు.

"ఇంకా పది వేల మైళ్ళు దాటలేదండీ!" అని పోస్టాఫీసు అదిరేలా అరిచాను.

"ఆహా! అయితే దాటకుండానే పట్టుకొచ్చేయండి బాబూ."

మా వైపు మనుషుల మర్యాద మీకు తెలుసు కదా, ఏదడిగినా ఆహా అంటారు. అది నాకూ తెలుసు. కానీ ఎరువుల కొట్టు వాసన ముక్కులో ఉన్నవాడికి మర్యాదకీ షరతుకీ తేడా తెలీదు. తుని వంద మైళ్ళ పైమాట, నా చేతిలో ఉన్నవి నలభై రెండు.

మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగోరోజు మిల్లు వెనక కాలవలో ధాన్యం బస్తాలు ఎక్కిస్తున్న పడవ కనబడింది. దాన్ని చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. అది ఆరిపోయి ఉంటే ఎంత బాగుండేది.

"పెదనాన్నా, పడవ మీద పెడితే చక్రం తిరగదు. చక్రం తిరక్కపోతే మీటరు తిరగదు. విజ్జేశ్వరం లాకులదాకా కాలవ, గోదావరి దాటితే ధవళేశ్వరం, అక్కణ్ణుంచి మళ్ళీ కాలవల మీదే సామర్లకోట. అక్కడ దించుకుని తునికి నడుపుకుంటూ పోతాను. ముప్ఫై మైళ్ళు. పన్నెండు మిగులు!"

పెదనాన్న చుట్ట నోట్లోంచి తీశారు. "అంత భయంగా ఉంటే అది కారెందుకురా? పటం కట్టించి గోడకి తగిలించుకో."

"ధర పడిపోతుంది పెదనాన్నా."

"నీ ఇష్టం. షెడ్డు నీకు కావాలి, నాక్కాదు."

తోడుగా మా మేనత్త కొడుకు ప్రసాదు బావ బయల్దేరాడు. నా కష్టం దగ్గరుండి చూసి నవ్వడానికి వస్తున్నానని ముందే చెప్పాడు. బావ అన్నవాడు ఆ మాత్రం చేయకపోతే వరసకి అర్థం లేదు.

షెడ్డు నుంచి కాలవ గట్టుకి కూడా కారు నడపలేదు. పదిమంది మిల్లు కూలీల్ని పిలిచి తొయ్యమన్నాను.

"బావా, తోస్తే చక్రాలు తిరుగుతాయి కదా?" అన్నాడు ప్రసాదు.

పదిమందినీ ఆపేశాను. వెదురు బొంగులు తెప్పించి, పెళ్ళికూతురి పల్లకీలా కారుని భుజాల మీద ఎత్తించి పడవలో దింపించాను. చూడ్డానికి ఊళ్ళో సగం మంది వచ్చారు. మిగతా సగానికి వాళ్ళే వెళ్ళి చెప్పారు.

పడవ సరంగు సత్తియ్య కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "పాడైపోయిందాండి?"

"లేదు. చాలా బాగుంది."

"ఆయ్. మరి పడవెందుకండీ?"

"బాగుంది కాబట్టే."

సత్తియ్య నా మొహం వంక చూసి గెడ అందుకున్నాడు. వారం రోజులూ నాతో మాట్లాడినప్పుడల్లా జ్వరం వచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

పాఠకులారా, ఆ కారు స్పీడోమీటరు మీద నూట ఇరవై దాకా అంకెలున్నాయి. అలాంటి బండిని గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు కట్టి లాగుతుంటే, మొదటిరోజు మమ్మల్ని ఒక సైకిలు దాటింది. రెండోరోజు గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ దాటింది. మూడోరోజు బాతులు దాటాయి. ఆ బాతుల్లో ఒకటి వెనక్కి తిరిగి చూసింది కూడా.

గట్టున ప్రతి ఊరివాళ్ళూ అడిగేవారు. "ఏవండోయ్! కారు చెడిందా?"

"బాగానే ఉందండీ!" అని నేను.

"డ్రైవరే చెడ్డాడండీ!" అని ప్రసాదు.

విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోకి దిగాక గాలి తిరిగింది. పడవ ఊగింది. నేను కారు కింద దూరి నాలుగు చక్రాలకీ ఇటుకలు దోపి, మీటరు ముందు కూర్చున్నాను. పడవ ఊపుకి చక్రం అటూ ఇటూ ఆడినా మైలు పడుతుందేమోనని బెంగ.

"మునిగిపోతే ఏం చేస్తావు బావా?" అన్నాడు ప్రసాదు.

"మీటరు తిరగదు కదా."

ఆ మాట నేను నిజంగానే అన్నాను. దానికి సాక్షులున్నారు.

సామర్లకోటలో కారు నేల మీద దింపేసరికి మీటరు యాభై ఏడు దగ్గరే ఉంది. నా ఛాతీ ఉప్పొంగింది. సత్తియ్య దణ్ణం పెట్టి, "వైద్యం చేయించుకోండి బాబూ, నయమవుద్ది," అని పడవ వెనక్కి తిప్పుకుపోయాడు. బండికేనని ఇప్పటికీ సర్ది చెప్పుకుంటున్నాను.

ఇక తునికి నడపడమే. పిఠాపురం దాటేదాకా హాయిగా ఉంది. తర్వాత రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు చూసి, మనసులో మైళ్ళు కట్టుకుని, మీటరు చూశాను. మళ్ళీ కట్టాను. లెక్క కుదరలేదు.

"బావా," అన్నాడు ప్రసాదు, "సామర్లకోట నుంచి తునికి ముప్ఫై మైళ్ళని ఎవరు చెప్పారు?"

"రైల్వే టైంటేబులు."

"మనం రైలు మీద పోతున్నామా?"

పట్టాలు ఊళ్ళని పట్టించుకోకుండా పోతాయి, రోడ్డు ప్రతి ఊరినీ పలకరించి పోతుంది. ఆ పలకరింపుల మైళ్ళు నా లెక్కలో లేవు. దానికి తోడు కత్తిపూడి దగ్గర కల్వర్టు కడుతున్నారని చుట్టూ తిప్పారు. ఆ చుట్టూ తిరిగినంతసేపూ నేను దేవుళ్ళకి మొక్కాను. అన్నవరం కొండ కనబడ్డాక మొక్కులన్నీ ఆ కొండ మీది స్వామి పేరనే బదలాయించాను. మైలు పడినప్పుడల్లా మీటరు టిక్కుమంటోందని నాకు వినిపించేది. ప్రసాదు అది నా గుండెకాయ అనేవాడు.

తొంభై ఆరు. తొంభై ఏడు. తొంభై ఎనిమిది.

తుని ఊరు కనిపిస్తోంది. నాలుగు తొమ్మిదులూ వరసగా నిలబడ్డాయి. నాలుగోది మెల్లగా సున్నా వైపు వంగుతోంది. కీచుమని బ్రేకు తొక్కాను. వెనక చెరుకు లారీవాడు నా వంశవృక్షం పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఇక అంగుళం కదలదు," అన్నాను. "నువ్వు కాపలా ఉండు. ఆయన్నే ఇక్కడికి తీసుకొస్తాను."

ఎండలో నడుచుకుంటూ పోయి గున్నేశ్వరరావు గారిని వెతికి పట్టుకున్నాను. తెల్లటి పంచె, నుదుట బొట్టు, చేతిలో మజ్జిగ గ్లాసు. నన్ను చూసి కంగారుపడ్డారు.

"అయ్యయ్యో, బండేది బాబూ? దారిలో ఆగిపోయిందా?"

"నేనే ఆపానండీ. మీకోసం."

ఆయనకి అర్థం కాకపోయినా "ఆహా" అన్నారు. రిక్షాలో వచ్చారు. నేను తలుపు తీసి, నాటకంలో తెర ఎత్తినట్టు మీటరు చూపించాను.

"చూడండి సార్! తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది! దాటలేదు!"

"ఏది దాటలేదండీ?"

"పది వేలండీ! దాటకుండా తెమ్మన్నారు కదా మీరు!"

"నేనా?" ఆయన కాసేపు ఆలోచించారు. "ఓహో, అదా. మీరు అంత సంతోషంగా చెబుతుంటే, ఏదో మాటవరసకి అన్నానండీ."

ప్రసాదు రోడ్డు పక్కన కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నా కళ్ళ ముందు యూరియా బస్తాలు వరసగా కదిలిపోయాయి. అయినా ఆశ చావలేదు. బండి ఎదురుగా ఉంది, కొనేవాడు ఎదురుగా ఉన్నాడు.

గున్నేశ్వరరావు గారు మీటరు వదిలేసి, పంచె ఎగ్గట్టి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. టైరు మీద బొటనవేలితో నొక్కారు. పక్కన రాసిన అంకెలు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"ఇవి బండితో వచ్చినవేనాండీ?"

"ఒరిజినల్ అండీ!" అన్నాను, ఎగిరి గంతేసినంత పని చేసి. "తిరగందే అరుగుతాయా మరి! పువ్వుల్లా ఉన్నాయి."

ఆయన గోటితో కాస్త గీరారు. బీట తెరుచుకుంది. అందులో నా చిటికెన వేలు పడుతుంది. పెట్టి చూశాను.

"అదేనండీ వచ్చిన చిక్కు," అన్నారాయన, నొచ్చుకుంటూ. "బాగా తిరిగిన బండైతే ఈపాటికి ఎవరో ఒకరు చక్రాలు మార్పించి, మన దగ్గర దొరికే టైర్లు వేయించి ఉందురు. దీనికి ఆ అవసరమే రాలేదు. ఈ సైజు మన దేశంలో రాదండీ. ఇలాంటి బండ్ల టైర్ల కోసం నేను ముందే మద్రాసులో కూడా వాకబు చేయించాను. టైర్లు తెప్పించండి, మీరు చెప్పిన ధరే ఇస్తాను. లేకపోతే నేను దీన్ని ఏం చేసుకోను చెప్పండి? ముందు భోజనానికి పదండి, ఎండన పడి వచ్చారు."

భోజనం మాత్రం బ్రహ్మాండంగా పెట్టారు. నేను తినలేకపోయాను. ప్రసాదు నా వాటా కూడా తిన్నాడు.

కారుని చెరుకు లారీ ఒకటి మాట్లాడి భీమవరం పంపించాం. మర్నాడు పొద్దున్నే చేరింది. లారీ మీద తెస్తే మీటరు తిరగదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. వారం క్రితమే తడితే బాగుండేది. పెదనాన్న షెడ్డు తలుపు తీసి, కారుని లోపలికి తోయించి, తాళం జేబులో వేసుకున్నారు.

"ధర పడిపోలేదు కదురా?" అన్నారు.

"లేదు పెదనాన్నా."

"అదే చాలు. పద, మీ నాన్న కొట్టు తెరిచే వేళయింది."

ఇప్పుడీ కథ ఆ కొట్లోనే, బస్తాల మీద కూర్చుని రాస్తున్నాను. గోదావరి నీళ్ళు చేత్తో పట్టుకుని చెబుతున్నాను. ఇకమీదట బతికున్నంత కాలం ఏ మీటరునీ నమ్మను, మర్యాదస్తుల మాటని షరతుగా తీసుకోను, కారుని పడవెక్కించను. మీరెవరైనా పాత బండి కొనబోతుంటే నాదొక్కటే మనవి. రబ్బరు తిరిగినా పోతుంది, తిరక్కపోయినా పోతుంది. ముందు టైరు సైజు చూసుకోండి.