మండపానికి ముగ్గురు మామలు

1984. తిరుత్తణి కొండకింద కావడి భక్తులు బస దిగేదానికి నేతగాళ్ల సంఘం ఒక మండపం కట్టిస్తా ఉండింది. నేను కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్ని. వయసు ఇరవై మూడు, అనుభవం అంతకన్నా తక్కువ. ఆడికృత్తిక పండగకు స్లాబు పడకపోతే అత్తిమంజేరిపేట నుంచి పిల్లాజెల్లాతో నడిచొచ్చే జనం వానలో తడవాల్సిందే. చేతిలో ఏడు వారాలు.

మా పనిలో ‘వేరియేషన్’ అని ఒకటుంది. ఒప్పుకున్న ప్లాన్‌ను పని మొదలైనాక మార్చమనడం. దాన్ని రాతలో తీసుకోవాలని పాలిటెక్నిక్‌లో చెప్పినారు. కమిటీలో ముగ్గురూ మామ వరసైతే ఏం చేయాలో చెప్పలేదు. పెద్దమామ కిటికీని తూర్పుకు జరపమన్నాడు. “ఆగట్టుం మామా, అట్లే కానీండి” అన్నాను. నడిపిమామ దాన్ని మూసి వాకిలి పెట్టమన్నాడు. “సరే మామా.” చిన్నమామ వాకిలి చూసి, “కిటికీ యాడ్రా?” అన్నాడు. ఒకే గోడ మూడుసార్లు పడింది. రెండు వారాలు దాంతోనే పోయినాయి.

“సామీ, నేను కట్టే మేస్త్రినా, పడగొట్టే మేస్త్రినా?” అని అడిగినాడు మేస్త్రి. న్యాయమైన ప్రశ్నే.

పెద్దమామ ఇంటికి పోయినాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తా ఉన్నాడు.

“మామా, సగం చీర నేసినాక అంచు మార్చమంటే మారుస్తారా?”

“మారుస్తాం. అడిగినోడు ఈడే కూచుని తెంచిన పోగులన్నీ మాతో పాటు అతకాల. ఇంతవరకూ ఎవుడూ కూచోలా.”

అని, పోగుల మధ్య ఆడే నాడె ఆపి నన్ను చూసినాడు. “ఓహో. గోడ సంగతా?”

“మీరే అన్నారు మామా, నేను కాదు.”

మర్నాటి నుంచి అదే రూలు. మార్పు అడిగినవాళ్లు కాగితం మీద సంతకం పెట్టి, అది అయ్యేదాకా ఎండలో మేస్త్రి పక్కన కూర్చోవాలి. మామలకు ఉన్నట్టుండి ప్లాన్ తెగ నచ్చేసింది.

ఏటా కావడితో వచ్చే మునెమ్మవ్వ మాత్రం వచ్చింది. “మెట్లు ఎత్తుగా ఉండాయి, తగ్గించు నాయనా. నడిచొచ్చిన కాళ్లు లేవవు” అని వేలిముద్ర వేసి, రెండు రోజులు కూర్చుంది. సిమెంటు ఎంత కలపాలో మేస్త్రికి చెప్పింది కూడా. ఆయన వింటానే ఉన్నాడు, పాపం.

కృత్తికనాడు వాన దంచింది. జనమంతా స్లాబు కింద. ముసలీముతకా ఎవరి చేయీ పట్టుకోకుండా ఆ మెట్లెక్కి వస్తా ఉంటే చూసినాను. మార్పులు ఆపేదానికని రూలు పెట్టినాను. చేయాల్సిన మార్పు యాదో అదే చూపించింది.

అవ్వ పైకొచ్చి, వెనక్కి తిరిగి మెట్టును చూసింది. “ఇంకో అంగుళం తగ్గించుండచ్చు.”

“పని ముగిసిపోయింది అవ్వా.”

“నేను ముగిసిపోలేదు గదా. వచ్చే ఏడు వస్తా.”