బండ మీది ఉప్పు

నమ్మకపోతే మానేయండి. అవ్వ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది జరిగింది.

మాది వాషర్‌మెన్‌పేట్. మా తాత సింగపూరు వెళ్ళే ప్రయాణికుల ఓడలో బట్టలు ఉతికేవాడు. ఆ ఓడ తుపానులో పోయింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. అప్పటికి మా నాయన కడుపులో ఉన్నాడు. అవ్వ మాత్రం బొట్టు తీయలేదు.

పోయిన నెల ఆ ఓడ సముద్రం అడుగున కనబడింది. ఫోనులో వీడియో చూపిస్తే అవ్వ ఒకటే అడిగింది.

"బట్టలుతికే గది ఏడుంది పాపా?"

ఆ గది వీడియోలో లేదు.

"ఇంకేం చూడాల మా... రేపు కాశిమేడు సముద్రం కాడికి పోయి కర్మ చేసేద్దాం, సరియా?" అన్నాడు నాయన. కర్మ అంటే అవ్వ బొట్టు తీసేయాలి.

ఆ రాత్రి అవ్వ పక్కనే పడుకున్నాను. రెండు దాటింది. ఇంటి వెనక... ధబ్. ఆగింది. మళ్ళీ... ధబ్. తడిబట్ట బండకు తగిలే చప్పుడు. దెబ్బదెబ్బకూ 'ఇస్సో...' అని ఊపిరి. ఉతికేటప్పుడు మావాళ్ళంతా అలాగే అనేవాళ్ళు. కానీ మెషీన్ కొన్నాక మా బండ మీద పూలకుండీలు పెట్టేశాం.

పక్కకు చూస్తే... అవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నీకు గూడా వినబడతా ఉందా?" అంది.

తలుపు తీశాం. చప్పుడు ఆగిపోయింది. ఎవరూ లేరు. కుండీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బండ మాత్రం... తడి. వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను. ఎందుకలా చేశానో తెలియదు.

ఉప్పు.

అవ్వ లోపలికెళ్ళి మెట్రో కుళాయి మంచినీళ్ళ బిందె మోసుకొచ్చింది. బండ మీద నెమ్మదిగా పోసింది.

"ఉప్పు నీళ్ళలో ఎంత ఉతికినా మురికి పోదు గదయ్యా. మంచి నీళ్ళు తెచ్చినా. ముగించుకొని ఇంటికి రా."

నా భయం ఎటు పోయిందో గానీ, ఏడుపొచ్చింది.

తెల్లారి నాయన కాశిమేడు పోదామని వచ్చాడు. "ఇవాళ వద్దు నాయనా" అన్నాను. ఆయన కర్మ మాట మళ్ళీ ఎత్తలేదు.

చప్పుడు మళ్ళీ రాలేదు. రాయపురం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి బండకు ఉప్పు పట్టిందేమో... ఏమో. ఇప్పుడు రాత్రిళ్ళు బండ పక్కన బిందె నేనే నింపి పెడతాను. పొద్దున చూస్తే నీళ్ళు కాస్త తగ్గుతాయి. ఎండాకాలం కదా, ఆవిరైపోతాయేమో అనుకుంటాను.

అవ్వ వచ్చి బిందెలోకి తొంగి చూస్తుంది. తర్వాత అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకుంటుంది.