ఎండకు జరిపే డబ్బాలు

ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న టెక్నీషియన్ కడపలో పోయాడని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటట. పొయ్యి మీది పాలన్నీ పొంగిపోయాయి. ఆ బరువులు ఎత్తొద్దని ఎంత మొత్తుకున్నాను! వింటేగా.

బరువులంటే పెయింట్ డబ్బాలు. సౌదీలో మేముండే అభా కొండమీది ఊరు. రియాద్ వాళ్లు ఫ్యాన్లు వేసుకునే నాడు కూడా మేం రగ్గులు కప్పుకుంటాం. మొదటి ఏడాది ఆయన మన ఊళ్ల లెక్కన దసరా దాటాక బీర పెట్టాడు. చలికి తీగలన్నీ నల్లబడ్డాయి. ఇక అప్పటి నుంచి నేలలో ఏదీ పెట్టలేదు. డబ్బాల్లో మట్టి నింపి చలికాలం మెంతి, చిక్కుడు, వేసవి వానలకు బెండ, బీర. పొద్దున డ్యూటీకి ముందు డబ్బాలన్నీ పడమటి గోడ దగ్గరికి, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తూర్పు గోడ దగ్గరికి. ఎండ ఎటుంటే అటు, ఒక్కొక్కటీ పొట్టకు ఆనించుకొని మోసేవాడు. వాటి కింద తేళ్లు చేరతాయేమోనని నాకు ఒకటే భయం.

"నేలల పెట్టరాదు కొడుకా? నడుం పోతది," అనేదాన్ని మధ్యగోడ మీంచి.

"నేలలో పెడితే ఎత్తకపోలేం పెద్దమ్మా. కంపెనీ రెడ్డులో పడిందంటాండారు. ఇల్లు మారమంటే డబ్బాలైతే బండిలో ఏసుకోవచ్చు."

"ఇండియాకు పొమ్మంటే ఏం జేస్తవ్? విమానంల ఏస్తవా?"

"కిటికీ సీటు అడుగుతా. ఎండ తగల్తాది."

ఏం మాట్లాడతాం ఇలాంటి మనిషితో?

నితాఖత్ అని, సౌదీ వాళ్లను చాలినంతమందిని పెట్టుకోని కంపెనీలను రెడ్డు జాబితాలో వేసి వీసాలు ఆపేస్తున్న రోజులవి. ఆ మీదట ఇంటిల్లిపాదికీ తలకింత ఫీజన్నారు. మా కోడలు నర్సు, డ్యూటీలకు పోతుంది కాబట్టి, ఫీజు కట్టైనా పిల్లల్ని చూడటానికి నన్ను ఉంచుకున్నారు. ఆయన మాత్రం భార్యను, కూతుర్ని కడపకు పంపేశాడు. ఫీజు తీసేస్తారని ఎవరో అనడం, ఈయన మళ్లీ విత్తనాలు నానబెట్టడం!

"ఎవలు తింటరయ్యా ఇంత చిక్కుడు?" అంటే, "వాళ్లు దిగిన రోజు బజారు కూర తినకూడదు పెద్దమ్మా" అనేవాడు. వాళ్లు రాలేదు. కాయలు ముదిరిపోతుంటే గంపలతో మాకే తెచ్చి పోసేవాడు. ఈనెలు తీయలేక నా వేళ్లు నొప్పులు పుట్టేవి. ఆ చలికాలాలు మా పిల్లలు లేత కూర తిన్నారంటే మాత్రం ఆయన చలవే.

చివరికి ఇకామా, అదే ఇక్కడుండే పర్మిట్, రెన్యువల్ కాలేదు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. వెళ్లే ముందు డబ్బాలన్నీ గోడ మీంచి మావైపు దించాడు.

"మోకాళ్లు లేవని ఏడుస్తుంటే ఇవి నా నెత్తిన పెడ్తవా?"

"పూత మీద ఉండాయి పెద్దమ్మా. రెండు నెలలు జరుపు, సాలు."

పెళ్లాం బిడ్డల దగ్గరికి పోతున్నాడు, ఇక కుదురుగా కూర్చుంటాడనుకున్నాను. మొన్న ఫోన్‌లో ఆయన భార్య ఏడుస్తూనే విసుక్కుంది.

"ఈడికొచ్చినా మానలేదు పెద్దమ్మా, మళ్లా డబ్బాలు పెట్టినాడు. కడప ఎండకు తట్టుకోవని నీడ కోసం తిప్పుతాండె. నాతో నాలుగు మాటలు మాట్లాడయ్యా అంటే, ఉండు, నీడ జరిగింది అనేటోడు. ఆయప్ప పోయినకాడి నుంచి అవి ఎండలోనే ఉండాయి. మాడిపోనీ అనుకున్నా."

"కోపముంటే ఆయన మీద పెట్టుకో బిడ్డా. చెట్లేం జేసినయ్? లే. నీళ్లు పోసి నీడకు జరుపు."

ఫోన్ ఎక్కడో కింద పెట్టిన చప్పుడైంది. కట్ చేయబోయి ఆగాను. కాసేపటికి, దూరంగా, బండల మీద డబ్బా ఈడుస్తున్న గరగర వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది.