నడిచే ఫారానికి చిరునామా

వంతెన దిగగానే గుమస్తా బండికి సడన్ బ్రేకు పడింది. రోడ్డు నిండా బాతులు. అన్నిటికంటే ముందున్న పెద్ద బాతు, ఆ రోడ్డు తన తాత వేయించినట్టు మెడ సాచుకుని నింపాదిగా నడుస్తోంది.

"హారన్ కొట్టకు బాబూ! చెల్లాచెదురయ్యాయంటే నువ్వే ఏరుకోవాలి," అంది వెనక వస్తున్న పెద్దావిడ. భుజాన చుట్టిన వల, చంకలో నాలుగు గుంజలు, చేతిలో పొడుగాటి వెదురు కర్ర.

గుమస్తాకి తీరిక లేదు. కరోనాలో దెబ్బతిన్న కోళ్ళ, బాతుల ఫారాలకు సర్కారు ఇచ్చే సాయం కోసం వచ్చిన దరఖాస్తుల్లో ఒక్కటే మిగిలింది. ఫారాన్ని కళ్ళారా చూసి, ఫోటో తీసి, సాయంత్రం ఐదులోగా పంపాలి. ఇవాళే ఆఖరు. చిరునామా గడిలో 'రెండో తూము పక్కన' అని ఉంది. మూడు రోజులుగా వెతికితే తూము పక్కన కప్పలు తప్ప ఎవరూ కనపడలేదు.

"ఇక్కడెక్కడైనా బాతుల ఫారం ఉందా అమ్మా?"

"ఉంది. నీ బండి చక్రం కిందికి రాబోతోంది, చూసుకో."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని.

"మరి తూము పక్కన అని రాశారేం?"

"రాసిన రోజు అక్కడే ఉన్నాం. నువ్వు నలభై రోజులకి వస్తావని బాతులు పస్తులుంటాయా?"

మేత ఎక్కడుంటే అక్కడికి పోవడం జీవజాతుల్లో సగానికి అలవాటే. నత్తయితే ఇంటినే మోసుకుపోతుంది. తిష్ఠ వేసుకుని కూర్చునేవి పుట్టగొడుగూ, మనిషీ. దరఖాస్తులు తయారుచేసేది పుట్టగొడుగు కాదు గనక, ప్రతి గడిలోనూ ఓ గోడ అడుగుతారు.

ఆవిణ్ణి అందరూ బాతులత్త అంటారు. కాపురానికొచ్చిన మూడో రోజే అత్తగారు ఆ వెదురు కర్ర చేతికిచ్చింది. అది మొదలు, కోత అయిన మడి నుంచి మడికి, రాలిన గింజల వెంట నడకే నడక. ఇన్నేళ్ళలో ఆ కాళ్ళు ఆగింది లాక్‌డౌన్‌లోనే.

"మనుషుల్ని కదలొద్దన్నారు, సరే. బాతులకెవరు చెప్పాలి? బేకరీలు మూసేశారు, గుడ్లు కొనే దిక్కు లేదు. మేమే తిన్నాం. గుడ్డు మాటెత్తితే చాలు, మా ఆయన పారిపోయేవాడు!" అని నవ్వింది. సగం మందని అమ్మి మిగతా సగానికి మేత కొన్నానంది. "ఈ సాయం రాకపోతే ఇవి కూడా ఎల్లుండి మాంసం లారీ ఎక్కుతాయి," అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

గుమస్తా గడియారం చూసుకున్నాడు. నాలుగయింది.

"ఫోటోలో కంచే గేటూ కనపడాలత్తా. లేకపోతే ఫారమే కాదంటారు పైవాళ్ళు."

"ఓస్, ఇంతేనా? రోజూ పొద్దుగూకితే నేను చేసే పనేగా!"

పక్క మడిలో గుంజలు పాతింది, వల చుట్టింది, ఒక మూల సందు వదిలింది. నాలుకతో టకటకలాడించగానే బాతులు ఒక్కొక్కటే ఆ సందులోంచి లోపలికి నడిచాయి. గుమస్తా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు.

"రెండువందల పదకొండు. మీరు రాసింది రెండువందల పదేగా?"

"ముందు నడిచేది మా మేస్త్రీ. పనివాళ్ళని కూడా రాయాలా?" అంటూ కర్ర సందుకి అడ్డం పెట్టింది. "ఇదిగో గేటు. తియ్యి ఫోటో."

తీశాడు. చిరునామా గడిలో ఏం రాయాలో తోచక తల గోక్కుని గోక్కుని, చివరికి 'సంచార ఫారం, మకాం రోజూ మారును' అని రాసి, సిగ్నల్ కోసం వంతెనెక్కాడు. పంపిన పావుగంటకి జవాబొచ్చింది.

"మంజూరైందత్తా!" అని కేకేశాడు పైనుంచే.

బాతులత్త రెండు చేతులూ నడుముకి పెట్టుకుని ఒక్క క్షణం ఆకాశంలోకి చూసింది. తర్వాత కొంగుముడిలోంచి ఫోను తీసి, "ఏవయ్యా లారీ! ఎల్లుండి రావద్దు. ఎప్పుడూ రావద్దు," అని పెట్టేసింది.

గుమస్తా కిందికి దిగి కాగితాలు సంచిలో సర్దుకుంటుంటే గుర్తొచ్చింది, ఆర్నెల్లకి మళ్ళీ తనిఖీ ఉంది.

"అప్పుడు ఎక్కడికి రమ్మంటావత్తా?" అంటూ తలెత్తాడు.

మడిలో నాలుగు గుంతలు మిగిలాయి. వల భుజానికెక్కింది. మేస్త్రీ అప్పటికే రెండు మడులు దాటేసింది, దాని వెనక మందా, మంద వెనక కర్రా.