జమ్మలమడుగులో రెండు టీ కొట్లు

జమ్మలమడుగు బస్టాండులో ఎదురెదురుగా రెండు టీ కొట్లు, రెండు పార్టీలవి. రెండింట్లోనూ దండ వేసిన ఫొటో ఒకే కుర్రాడిది. ఆందోళనలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడట.

గుంటూరు నుంచి వచ్చానంటే మొదటి కొట్టాయన చెప్పాడు: "వాడు మావాడప్పా. తెల్లారితే ఈడే టీ తాగుతాండె. ఆ ఎదురు కొట్టోళ్ళే ఎగదోసి సంపించినారు."

బస్సు రాలేదని ఎదురు కొట్టుకు వెళ్ళాను. అక్కడా అదే మాట, వేలు మాత్రం ఇటు తిరిగింది.

తెల్లవారగానే ఒక మనిషి రెండు కొట్లలో కూర్చోవడం నా లెక్కకు కుదరలేదు. మధ్యలో మజ్జిగ అమ్ముతున్న ముసలామెను అడిగాను, ఆ పిల్లాడు నిజంగా ఎక్కడ తాగేవాడని.

"నా కొడుక్కి టీ యాడ సయిస్తాదప్పా? నా మజ్జిగే తాగుతాండె. ఇద్దరిలో ఒగరూ నన్నడగలే" అంటూ ముంత నా చేతికిచ్చింది.

అక్కడే కూర్చుని తాగాను. రెండు కొట్ల నుంచీ నన్నే చూశారు. మూడో పార్టీ పుట్టిందనుకున్నారు కాబోలు.